కొత్తగా కొన్న క్లాసిక్స్‌ని తోటి చదువరులతో పంచుకోవడం ఎలా

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం అయిపోగానే ప్రతి ఏడూ ఒకటే జరుగుతుంది. కొన్న పుస్తకాలన్నీ మంచం మీద పరిచి, పైనుంచి ఒక ఫొటో తీసి, "ఈసారి తెచ్చుకున్నవి" అని ఫ్రెండ్స్ గ్రూపులో పెడతాం. నలుగురు చప్పట్ల బొమ్మలు పెడతారు, ఇద్దరు "భలే కొన్నారండీ" అంటారు, పుస్తకాలు అరలోకి వెళ్ళిపోతాయి. చూసినవాళ్ళకి వాటి గురించి కొత్తగా తెలిసిందేమీ ఉండదు. మీరు తెచ్చిన కట్టలోంచి ఇంకొకరు కనీసం ఒక్క పుస్తకమైనా చదివితేనే దాన్ని పంచుకున్నట్టని నా అభిప్రాయం. అందుకు కొంచెం పని ఉంది, ఆ పని ఎలా చేయాలో చెప్తాను.

ముందు పుస్తకం తెరవండి, ఫొటో తర్వాత

ఇంటికి తెచ్చిన రోజు రాత్రే ప్రతి పుస్తకం లోపలి అట్ట, దాని వెనక పేజీ చూడండి. ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ఎవరు వేశారు, పూర్తి పుస్తకమా సంక్షిప్తమా, ఎన్ని భాగాల్లో ఇది ఎన్నోది, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి. క్లాసిక్స్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒకే పేరుతో వేరువేరు పుస్తకాలు తిరుగుతుంటాయి. కన్యాశుల్కమే తీసుకోండి. 1897లో గురజాడ అచ్చువేయించిన నాటకం ఒకటి, 1909లో దాదాపు కొత్తగా తిరగరాసి వేసింది ఇంకొకటి. మనకందరికీ తెలిసినది, ఇప్పుడు షాపుల్లో మామూలుగా దొరికేది రెండోది. మొదటిదాన్ని కూడా విడిగా వేశారు, ఆ ప్రతి మీ చేతికొస్తే "కన్యాశుల్కం కొన్నాను" అని ఊరుకోకుండా "తొలి కన్యాశుల్కం" అని స్పష్టంగా చెప్పండి. లేకపోతే అందరూ కలిసి చదవడానికి కూర్చున్నప్పుడు ఒకరి పుస్తకంలో ఉన్న సీను ఇంకొకరి దాంట్లో కనపడక అరగంట దానికే పోతుంది.

బారిష్టర్ పార్వతీశం కూడా అంతే, అది మూడు భాగాల పుస్తకం. చాలామంది మొదటి భాగం చదివి అదే మొత్తం అనుకుంటారు. మీరు కొన్నదాంట్లో మూడూ ఉన్నాయా, ఒకటే ఉందా చూసి చెప్తే, మొదటి భాగం ఎప్పుడో చదివేసి మిగతావి ఉన్నాయని కూడా తెలియనివాళ్ళు మీకు ఫోన్ చేసి మరీ అడుగుతారు.

తర్వాత పేజీలు. మన పుస్తకాలు ఎక్కువగా పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతాయి కాబట్టి లోపం వస్తే ఒకటీ అరా కాకుండా ఫారం మొత్తం పోతుంది, లేదా ఒకే ఫారం రెండుసార్లు పడుతుంది, లేదా తలకిందులుగా కుట్టేస్తారు. పదహారేసి పేజీల దగ్గర ఆగుతూ పేజీ నంబర్లు చూసుకుంటూ పోతే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. బుక్ ఫెయిర్ ఇంకా నడుస్తుండగానే చూసుకుంటే మర్నాడు వెళ్ళి మార్చుకోవచ్చు, స్టాల్ ఎత్తేశాక వేరే ఊళ్ళో ఉన్న పబ్లిషర్‌ని పట్టుకోవడం టెన్షన్ పని.

సెకండ్ హ్యాండ్ పుస్తకాలైతే ఇంకో రెండు సంగతులు. పాత ముద్రణల్లో ఇంగ్లిషు సంవత్సరం లేకుండా "శ్రీముఖ", "భావ" అని తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉండొచ్చు. అరవై ఏళ్ళకి ఒకసారి అదే పేరు వస్తుంది కాబట్టి శ్రీముఖ అంటే 1933-34 కావచ్చు, 1993-94 కావచ్చు. కాగితం, అచ్చు, వెల అణాల్లో ఉందా రూపాయల్లో ఉందా చూస్తే ఏదో తెలిసిపోతుంది. రెండోది, ఇళ్ళల్లో వారపత్రికల సీరియల్స్ చింపి కుట్టించుకున్న బైండు పుస్తకాలు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇవి ఇప్పటికీ కనపడతాయి. నాకు వీటి మీద చాలా ప్రేమ, ఎవరో ఇల్లాలు వారం వారం దాచుకుని, వరస తప్పకుండా పేర్చి, అట్ట వేయించుకున్న పుస్తకం అది, పుస్తకంగా వచ్చినప్పుడు తీసేసిన బొమ్మలు కూడా దాంట్లో ఉంటాయి. అలాంటిది దొరికితే ఏ పత్రిక, ఏ సంవత్సరం అన్నది పేజీల అంచుల్లో వెతికి రాసిపెట్టుకోండి. రచయితలు సీరియల్‌ని పుస్తకంగా వేసేటప్పుడు మార్పులు చేయడం మామూలే, కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళకి మీ బైండు పుస్తకం చాలా విలువైనది.

అనువాదాలైతే అనువాదకుల పేరు తప్పకుండా చెప్పండి. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో వేసిన రష్యన్ నవలలు, పిల్లల పుస్తకాలు ఒకప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికేవి, ఇప్పుడు వాటి కోసం వెతికేవాళ్ళు ఎంతమందో. ఆ అనువాదాలు చేయడానికి ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు మాస్కో వెళ్ళి ఉన్నారు. మూలరచయిత పేరు ఒక్కటే చెప్పి అనువాదకుణ్ణి వదిలేయడం వాళ్ళకి అన్యాయం, పైగా చాలామంది చదువరులు ఫలానా ఆయన అనువాదం కావాలనే వెతుకుతుంటారు.

పురుగు ఉందేమో చూసి, ఆ తర్వాతే ఇంకొకరి ఇంటికి

పాత పుస్తకం ఒక్కటి తెచ్చి అరలో పెడితే పక్కనున్న కొత్తవాటికి కూడా పురుగు పట్టొచ్చు, మీరు అప్పిచ్చిన ఇంట్లోకి కూడా అది వెళ్తుంది. సన్నటి బెజ్జాలు, పేజీల మధ్య పిండిలాంటి పొడి కనపడితే పుస్తకాన్ని గాలి చొరకుండా ప్లాస్టిక్ కవర్‌లో మూసి ఫ్రీజర్‌లో వారం పది రోజులు ఉంచండి. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకూడదు, మామూలు వేడికి వచ్చేదాకా అలాగే ఉంచితే పైన పట్టే తేమ కాగితానికి అంటదు. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. చిరిగిన పేజీకి సెలోటేప్ మాత్రం అంటించకండి. కొన్నేళ్ళకి టేపు ఊడిపోయి గోధుమరంగు జిగురు మరక మిగులుతుంది, దాన్ని ఎవరూ తీయలేరు. మండుటెండలో ఆరబెట్టడం కూడా వద్దు, అసలే పసుపెక్కిన కాగితం ఇంకా పెళుసెక్కుతుంది.

ఫొటో, దానితో పాటు నాలుగు మాటలు

అన్నీ కలిపి ఒక ఫొటో తీసుకోండి, ఆ సరదా ఎందుకు మానుకోవాలి. కానీ దాని తర్వాత ఒక్కో పుస్తకానికి మూడు ఫొటోలు తీయండి: అట్ట, ముద్రణ వివరాల పేజీ, లోపల ఏదో ఒక పేజీ. పగటి వెలుతుర్లో కిటికీ పక్కన తీస్తే చాలు, ఫ్లాష్ వేస్తే నున్నటి అట్టలు మెరిసిపోయి పేరు కూడా కనపడదు. లోపలి పేజీ ఎందుకంటే, అచ్చు సైజు తెలియడానికి. అరవై దాటిన చదువరులు మొదట అడిగేది అదే, అక్షరాలు చిన్నవైతే ఎంత గొప్ప పుస్తకమైనా వాళ్ళకి ఉపయోగం లేదు. ఆ పేజీ చూస్తే వచనం ఎలా నడుస్తుందో కూడా తెలుస్తుంది, వీరేశలింగం రాజశేఖర చరిత్రములోని గ్రాంథికం తన వల్ల అవుతుందో లేదో ఎవరికి వాళ్ళు తేల్చుకుంటారు.

ఇక రాయాల్సిన మాటలు. వెనక అట్ట మీది పొగడ్తలు ఎత్తి రాయకండి, అవి అందరికీ దొరుకుతాయి. మీరు ఎందుకు కొన్నారో రాయండి. చదవని పుస్తకమైతే చదవలేదనే రాయండి, అందులో నామోషీ ఏమీ లేదు, "ఇంకా మొదలుపెట్టలేదు, ఎవరైనా తోడొస్తారా" అన్న ఒక్క వాక్యానికి వచ్చినంత స్పందన పెద్ద సమీక్షకి కూడా రాదు. ఉదాహరణకి, ఇలా రాస్తే బాగుంటుంది:

"వేయిపడగలు, నారాయణరావు రెండూ కలిపి కొన్నాను. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) పెట్టిన నవలల పోటీలో ఈ రెంటికీ బహుమతి సగం సగం పంచారు. విశ్వనాథ, అడివి బాపిరాజు ఒకే కాలాన్ని ఎంత వేరుగా చూశారో పోల్చుకుంటూ చదవాలని ఉంది. వేయిపడగలు చాలా పెద్దది, అచ్చు మధ్యస్థం. నారాయణరావు ముందు ఎవరైనా తీసుకోవచ్చు, నేను దాన్ని వేసవిలో గానీ తెరవను."

చూడండి, ఇందులో పుస్తకాల సంగతి ఉంది, కొన్న కారణం ఉంది, సైజు ఉంది, ఎవరైనా తీసుకోవచ్చన్న పిలుపు కూడా ఉంది. అందరికీ తెలిసిన పుస్తకమే కదా అని కథ ముగింపు మాత్రం బయటపెట్టకండి. వందేళ్ళ నాటి నవలని కూడా ఎవరో ఒకరు రేపు మొదటిసారి చదవబోతున్నారు.

ఎన్ని వందలు తగ్గింపు వచ్చింది, ఎక్కడ దొరికింది అన్నవి కూడా చెప్పండి, తోటివాళ్ళకి అది నిజంగా పనికొచ్చే సమాచారం. అయితే రేటు గురించే పేరాలు పేరాలు రాస్తే పుస్తకం పక్కకి పోతుంది.

ఎవరికి ఏది

పుస్తకాలన్నీ ఒకేసారి అందరి ముందూ కుమ్మరిస్తే ఎవరూ ఏదీ తీసుకోరు. మనిషిని బట్టి పుస్తకం చెప్పాలి. చాలాకాలంగా తెలుగు చదవడం వదిలేసినవాళ్ళకి పార్వతీశం మొదటి భాగం ఇవ్వండి, పడవ దగ్గర్నుంచి రైలు దాకా నవ్వుకుంటూనే వెళ్ళిపోతారు, చదివే అలవాటు తిరిగొస్తుంది. వాళ్ళకి తిన్నగా వేయిపడగలు ఇవ్వడం మంచిది కాదు. నిజాం కాలపు తెలంగాణ పల్లె గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళకి వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి, దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు ఒకదాని వెంట ఒకటి ఇవ్వండి. కథలకంటే చరిత్ర ఇష్టపడేవాళ్ళకి సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర, రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలాడారు అని కావ్యాల్లోంచి ఏరి రాసిన పుస్తకం అది. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు 1955లో దానికే వచ్చింది, అప్పటికి ఆయన లేరు. 1922లో వచ్చి ఇంగ్లిషు ప్రభుత్వం చేత నిషేధానికి గురైన ఉన్నవ లక్ష్మీనారాయణ నవల మాలపల్లిని, కాలేజీలో రాజకీయాలు మాట్లాడుకునే పిల్లల చేతిలో పెట్టి చూడండి.

పద్యకావ్యాల దగ్గర ఒక్కటే సలహా, టీకా తాత్పర్యం ఉన్న ప్రతినే చేతులు మార్చండి. వావిళ్ళవారి పాత ముద్రణలు దొరికితే అదృష్టం. కవిత్రయ భారతం తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు తాత్పర్యంతో పదిహేను సంపుటాలుగా వేశారు. ఒక్కరే అన్నీ కొని ఇంట్లో పెట్టుకోవడం కంటే నలుగురు మిత్రులు తలా కొన్ని కొని, విరాటపర్వం ఒకరింట్లో, ఉద్యోగపర్వం ఇంకొకరింట్లో ఉంచుకుని తిప్పుకుంటే సెట్టు పూర్తవుతుంది, కలుసుకోవడానికి సాకూ దొరుకుతుంది.

ఒక ఆదివారం కూర్చోండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే. ఆరేడుగురు చాలు, ఒకరింట్లో టీ, ఉప్మా, మధ్యలో పుస్తకాలు. ఎవరు కొన్నవి వాళ్ళు తెచ్చుకుంటారు. ఉపన్యాసాలు వద్దు. తలా ఒక పుస్తకం తీసుకుని, ఎందుకు కొన్నారో రెండు మాటలు చెప్పి, ఒక్క పేజీ పైకి చదవాలి. అంతే నియమం. పేజీ ముందే ఎంచుకుని రండని చెప్పండి, లేకపోతే అక్కడ వెతుక్కుంటూ కూర్చుంటారు. మొదటి పేజీ చదవడం కంటే మధ్యలో ఒక సంభాషణ చదివితే వినేవాళ్ళకి పట్టు దొరుకుతుంది.

కన్యాశుల్కం ఉంటే పాత్రలు పంచుకోండి. గిరీశం, వెంకటేశం, అగ్నిహోత్రావధానులు, బుచ్చమ్మ, రామప్పపంతులు, మధురవాణి, ఒక్కొక్కరికి ఒక్కొక్కరు. నాటకాన్ని మనసులో చదువుకున్నప్పుడు కంటే పైకి చదివినప్పుడు ఆ మాటల విరుపు, విజయనగరం యాస ఎంత బాగా వినపడతాయో, ఎప్పుడూ పుస్తకం పట్టనివాళ్ళు కూడా తమ డైలాగ్ కోసం ఎదురుచూస్తారు. యాస సరిగ్గా రాదని సిగ్గుపడేవాళ్ళని బలవంతంగానైనా చదివించండి, రెండు పేజీలయ్యేసరికి గొంతు దానంతట అదే సర్దుకుంటుంది. కావ్యమైతే పద్యం రాగంతో చదవగలిగిన పెద్దవాళ్ళు ఒకరైనా ఉండేలా చూసుకోండి. మన ఇళ్ళల్లో బాబాయో పెద్దత్తయ్యో ఎవరో ఒకరు ఉంటారు, బడిలో కంఠతా పట్టిన పోతన పద్యాలు ఇప్పటికీ తడుముకోకుండా చెప్పేవాళ్ళు, వాళ్ళని పిలవాలని మనకే తట్టదు. పద్యం ఒకరు చదివితే తాత్పర్యం ఇంకొకరు చదవండి, ఆ తర్వాత పద్యం మళ్ళీ ఒకసారి. రెండోసారి విన్నప్పుడు అర్థం వెలిగినవాళ్ళ ముఖాలు చూడాలి.

లేచే ముందు ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్తున్నారో రాసుకోండి. ఆ ఉత్సాహంలో ఉండగానే పుస్తకం చేతికివ్వాలి, "తర్వాత పంపిస్తాలే" అంటే ఆ తర్వాత రాదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మిత్రులు వీడియో కాల్‌లో కలిస్తే వాళ్ళ దగ్గర పుస్తకం ఉండదు కాబట్టి చదవబోయే పేజీ ముందే చెప్పండి. ఇక్కడినుంచి వెళ్ళే చుట్టాల సూట్‌కేసులో 23 కిలోల లెక్క ఉంటుంది, పచ్చళ్ళతో పుస్తకాలు పోటీపడాలి, అందుకని పేపర్‌బ్యాక్ ప్రతులే పంపండి.

స్కాన్ చేసి పంపమంటారు, అప్పుడు

పుస్తకం గురించి చెప్పిన గంటలోపు ఎవరో ఒకరు "పీడీఎఫ్ ఉందా" అని అడుగుతారు. ఇక్కడ చట్టం తేలికైనదే. మన దేశంలో, రచయిత బతికుండగా అచ్చయిన రచన మీద హక్కులు ఆయన పోయిన ఏడాది ముగిశాక ఇంకో 60 ఏళ్ళు వారసులకి ఉంటాయి. వీరేశలింగం (1919), గురజాడ (1915), చిలకమర్తి (1946), అడివి బాపిరాజు (1952), ఉన్నవ (1958), గోపీచంద్ (1962) పోయి ఆ గడువు దాటింది, ఆ రచనలు అందరివీ. బుచ్చిబాబు 1967లో పోయారు, 2027 చివరిదాకా ఆగాలి. విశ్వనాథ (1976), చలం (1979), శ్రీశ్రీ (1983) రచనల మీద ఇంకా హక్కులున్నాయి, మొత్తం పుస్తకం ఫొటోలు తీసి పంపడం తప్పు. కొత్త ముద్రణలో ఉన్న ముందుమాట, వివరణలు, అనువాదం ఎవరివైతే వాళ్ళ హక్కు వేరుగా ఉంటుంది, కాబట్టి గురజాడ నాటకం స్వేచ్ఛగా పంచుకోవచ్చు గానీ నిరుడు ఒక ప్రొఫెసరు గారు రాసిన పీఠికని పంచకూడదు.

గడువు దాటినవాటికి కూడా మీరు కష్టపడి స్కాన్ చేయాల్సిన అవసరం తక్కువ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి, ఆ లింకు పంపండి. హక్కులున్న పుస్తకాలకి పబ్లిషర్ పేరు, దొరికే చోటు చెప్పండి. తెలుగులో వెయ్యి కాపీలు వేసి అమ్ముకోవడానికే ఏళ్ళు పట్టే పబ్లిషర్లున్నారు, మనం కొనకపోతే రేపు మలిముద్రణ ఉండదు.

అప్పివ్వడం, తెచ్చుకోవడం

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి: పుస్తకం, ముద్రణ, తీసుకున్నవాళ్ళ పేరు, తేదీ. ఇచ్చేముందు అట్ట ఫొటో ఒకటి. లోపల పెన్సిల్‌తో మీ పేరు రాయండి, ఆ పక్కన "చదివాక ఇంకొకరికి ఇచ్చేముందు నాకు చెప్పండి" అని కూడా. మనిషికి ఒకసారి ఒకటే. పెన్నుతో గీతలు వద్దని మొహమాటం లేకుండా చెప్పండి, పేజీ మూల మడవకుండా ఉండటానికి ఒక కాగితం ముక్క మీరే పెట్టివ్వండి. తిరిగి అడిగేటప్పుడు "ఎప్పుడిస్తారు" అంటే బాకీ వసూలు చేసినట్టుంటుంది, "ఎంతదాకా వచ్చారు, ఫలానా ఘట్టం అయిందా" అని అడిగితే చదవనివాళ్ళు కూడా ఆ రాత్రి తెరుస్తారు.

వేరే ఊరి వాళ్ళకైతే పోస్టు. 2025 మేలో తపాలా శాఖ పుస్తకాల కోసమే జ్ఞాన్ పోస్ట్ అని మొదలుపెట్టింది, మొదలుపెట్టినప్పటి రేటు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంది, అయితే రోడ్డు, రైలు మీద వెళ్తుంది కాబట్టి తొందర పనికిరాదు. పుస్తకం ముందు ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, రెండు వైపులా అట్టముక్కలు పెట్టి, మూలలు మెత్తగా కట్టండి.

తరచూ చేతులు మారే పుస్తకం చవకదైతే రెండో కాపీ కొనిపెట్టుకోండి, అది పోయినా బాధ ఉండదు. మళ్ళీ దొరకనివి, పేజీ తిప్పితే విరిగేవి మాత్రం అప్పివ్వొద్దు, ఇంటికి పిలిచి మీ బల్ల మీదే చదువుకోనివ్వండి. అంతకంటే అరుదైనది దొరికిందనిపిస్తే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో గానీ, హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో గానీ ఆ ముద్రణ ఉందేమో అడిగి చూడండి. వాళ్ళ దగ్గర లేకపోతే, పుస్తకం మీ దగ్గరే ఉంచుకోవాలనుకున్నా, వాళ్ళు జాగ్రత్తగా స్కాన్ చేసుకోవడానికి కొన్నాళ్ళు ఇస్తామని మాట్లాడుకోవచ్చు.